రకరకాల వాద్యాలవాళ్లం సరదాగా కలిసి వాయించుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

వేణుసాధకుడు

నేను ఏడేళ్లుగా వేణువు సాధన చేస్తున్నాను. నా పరిచయస్తుల్లో గిటార్, వయొలిన్, కీబోర్డ్, మృదంగం, ఆల్టో శాక్సఫోన్ వాయించేవారు ఒక్కొక్కరు ఉన్నారు. అందరమూ తీరిక వేళల్లో వాయించుకునేవాళ్లమే తప్ప కచేరీ చేయాలన్న ఆలోచన ఎవరికీ లేదు. గత నెలలో మొదటిసారి ఒకచోట కూర్చున్నాము. ఉన్న రెండు గంటల్లో గంటకు పైగా శ్రుతి కలుపుకోవడానికే పట్టింది. ఆ తరువాత కీబోర్డ్, శాక్సఫోన్ వాయించేవారు తమకు వచ్చిన పాటలు వరుసగా వాయించుకుంటూ పోయారు, మిగిలినవాళ్లం వింటూ ఉండిపోయాము. వయొలిన్ తెచ్చిన ఆవిడ కాసేపటికి వాద్యాన్ని పెట్టెలో పెట్టేశారు, మళ్లీ తీయలేదు. ఆవిడ మళ్లీ రావాలని నా కోరిక. ఇలాంటి కూడికలు నడిపినవారు తమ అనుభవం చెప్పగలరా?

ఆరు తీగలు

ముందుగా తేల్చుకోవలసింది ఎవరి వాద్యానికి శ్రుతి మార్చడం కుదరదన్న విషయం. కీబోర్డ్‌లో మీట నొక్కితే శ్రుతి మారుతుంది, గిటార్‌కు కేపో, అంటే తీగలను నొక్కిపట్టే బిగింపు, పెడితే సరిపోతుంది, వయొలిన్ తీగలను కొంతవరకు దించుకోవచ్చు. వెదురు వేణువు అలా కాదు, ఏ శ్రుతికి చేశారో ఆ శ్రుతికే ఉంటుంది. మృదంగాన్ని కూడా ఒకటి రెండు స్వరస్థానాలకు మించి అటూ ఇటూ జరపలేము. కాబట్టి మీరూ మృదంగం ఆయనా కలిసి శ్రుతి నిర్ణయించి, దానిని నాలుగు రోజుల ముందే అందరికీ తెలియజేయండి.

కూర్చున్న రోజున మరొక చిక్కు వస్తుంది. శ్రుతిపెట్టెలు, కీబోర్డ్‌లు సాధారణంగా ఎ స్వరం 440 హెర్ట్జ్ అన్న ప్రమాణాన్ని పాటిస్తాయి. వేణువు మాత్రం చల్లగా ఉన్నప్పుడు కాస్త తగ్గి, ఊపిరి వేడికి క్రమంగా హెచ్చుతుంది. మీరు పది నిమిషాలు వాయించి వేణువు కుదుటపడిన తరువాతే మిగిలినవారు దానితో కలుపుకుంటే, మధ్యలో ఆగి మళ్లీ శ్రుతి చూసుకోవలసిన అవసరం చాలా తగ్గుతుంది. కీబోర్డ్‌లో సూక్ష్మంగా శ్రుతి సవరించే ఏర్పాటు ఉంటే ఆయన కూడా మీ దగ్గరకే రావచ్చు.

శాక్సఫోన్ సాధన

వేణుసాధకుడు గారూ, మీ వేణువు ఏ శ్రుతిది? రెండు శ్రుతి, అంటే డి అయితే, మీ శాక్సఫోన్ మిత్రుడు ఎంత ఇబ్బంది పడ్డారో నేను ఊహించగలను. ఆల్టో శాక్సఫోన్‌లో సి అని వేళ్లు పెడితే వినిపించేది ఇ ఫ్లాట్, అంటే ఇ కంటే అర మెట్టు తక్కువ స్వరం. మీరు డి మేజర్‌లో వాయిస్తుంటే ఆయన బి మేజర్‌లో, ఐదు షార్పులతో, అంటే అర మెట్టు హెచ్చించిన ఐదు స్వరాలతో వాయించాలి. కొత్తగా నేర్చుకుంటున్నవారికి అది నిజంగా కష్టం. గిటార్‌కు సులువైన డి, ఇ, ఎ శ్రుతులన్నీ ఆల్టోకు షార్పులతో నిండిపోతాయి. ఒకటి శ్రుతికి, అంటే సికి వస్తే ఆయనకు ఎ మేజర్ అవుతుంది, షార్పులు మూడే. మోహన రాగం అయితే మరీ తేలిక. ఇతరులకు సి, డి, ఇ, జి, ఎ అయిన స్వరాలు ఆయనకు ఎ, బి, సి షార్ప్, ఇ, ఎఫ్ షార్ప్ అవుతాయి. అందరూ సులువుగా అందుకోగల అయిదు స్వరాలు కనుక మొదటి రోజుకు మోహనమే మంచిదని నా నమ్మకం.

మృదంగ విద్యార్థి

తాళం విషయం ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. గిటార్ ఆయన నాలుగు లెక్కపెట్టుకుంటారు, మేము ఎనిమిది అక్షరాల ఆదితాళం వేస్తాము. రెండూ చక్కగా కలుస్తాయి, వారి రెండు బార్లు మాకు ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక పూర్తి చుట్టు. అయితే ఎత్తుకునే ముందు ఒకరు ఒక ఆవర్తనమంతా పైకి లెక్కపెట్టి తీరాలి. లయ కొట్టే మెట్రోనోమ్ మీద నిమిషానికి 70 దెబ్బల దగ్గర పెట్టి వేగం ఒకసారి విని ఆపేయండి, ఎందుకంటే ఉత్సాహంలో అందరమూ పరుగెత్తుతాము, అందులో నాది మొదటి తప్పు. ఇంకొకటి, వేణువు మంద్రంలోకి, అంటే కింది స్థాయిలోకి దిగినప్పుడు నేను కుడిచేతిని దాదాపు ఆపేస్తాను. చిన్న గదిలో మృదంగం మోత ముందు మంద్రస్థాయి వేణువు ఎవరికీ వినబడదు.

పెట్టె మూసినదాన్ని

మీ వయొలిన్ ఆవిడ గురించి చదివి చాలాసేపు ఆలోచించాను, ఎందుకంటే మూడేళ్ల క్రితం నేనూ అలాగే పెట్టె మూసేశాను. నాకు వాయించడం రాక కాదు. అక్కడ అందరూ తమకు బాగా వచ్చినదే వాయిస్తున్నారు, నేను ఎక్కడ ప్రవేశించాలో తెలియలేదు, ప్రవేశిస్తే వారి పాట చెడగొట్టినట్టవుతుందేమోనని భయం వేసింది. తరువాతి వారం ఆ బృందంలోని ఒక పెద్దాయన ఫోన్ చేసి, "రేపు మీరు పాట వాయించనక్కరలేదమ్మా, సా, పా తీగలు రెండూ కలిపి నెమ్మదిగా లాగుతూ ఉండండి, మేమంతా దాని మీద నిలబడతాము" అన్నారు. నేను వెళ్లాను. అరగంట సేపు ఆ రెండు స్వరాలే పట్టుకుని కూర్చుంటే చెయ్యి వణకడం ఆగింది, పాట నడక చెవికెక్కింది, నాకు తెలియకుండానే ఒక చోట గాంధారం మీదకు వెళ్లాను. ఎవరూ తిరిగి చూడలేదు. ఆ చూడకపోవడమే నాకు కావలసింది.

అప్పటి నుండి మేము పాటించే పద్ధతి చెబుతాను. వారానికి ఒకటే పాట, దాని రికార్డు ముందుగా అందరికీ చేరుతుంది. పాటను రెండు సార్లు అందరమూ కలిసి వాయిస్తాము. తరువాత వరుసగా ఒక్కొక్కరికి నాలుగు ఆవర్తనాలు, ఆ సమయంలో మిగిలినవారు సగం ధ్వనికి దిగుతారు. వంతు వద్దనుకున్నవారు తల అడ్డంగా ఊపితే చాలు, ఎందుకని ఎవరూ అడగరు. వలయంగా కూర్చోవడం ఇందుకు తప్పనిసరి, ముఖాలు కనబడాలి కదా. తక్కువ ధ్వని వచ్చే వాద్యాలవారిని పక్కపక్కన కూర్చోబెట్టండి, శాక్సఫోన్ వారికి దూరంగా.

దూరవాసి

మా మిత్రులు వేర్వేరు ఊళ్లలో ఉన్నారు. ఇదంతా వీడియో కాల్‌లో కుదురుతుందా?

ఆరు తీగలు

మామూలు వీడియో కాల్‌లో కుదరదు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కనుక పది మీటర్ల దూరంలో ఉన్న మనిషి వాయించినది 29 మిల్లీసెకన్లకు చేరుతుంది. ఆ మాత్రానికే తాళం బరువెక్కుతుంది. కాల్‌లో ఆలస్యం అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. జామ్యూలస్, జాక్‌ట్రిప్ వంటి సాఫ్ట్‌వేర్లు ఇందుకోసమే ఉన్నాయి. వాటికి కూడా వైఫై బదులు తీగ కలిపిన ఇంటర్నెట్, బ్లూటూత్ లేని హెడ్‌ఫోన్ ఉండాలి.

వేణుసాధకుడు

మొన్న మళ్లీ కూర్చున్నాము. నాది రెండు శ్రుతి వేణువే. దానిని పక్కన పెట్టి ఒకటి శ్రుతిది తీసుకువెళ్లాను, మృదంగం ఆయన తగ్గు శ్రుతి వాద్యం తెచ్చారు. శ్రుతి కలపడం పది నిమిషాల్లో ముగిసింది. మోహనంలో ఒకే పాటను గంటన్నర వాయించాము, ఎవరికీ విసుగు రాలేదు. వయొలిన్ ఆవిడకు ముందు రోజే ఫోన్ చేసి సా, పా సంగతి చెప్పాను. రెండు వంతులు వద్దని తల ఊపారు, మూడవసారి రెండు ఆవర్తనాలు వాయించి ఆపారు. ఈ రోజు ఉదయం ఆవిడే కళ్యాణి రాగంలో ఒక చిన్న పాట రికార్డు చేసి, వచ్చే వారం ఇది వాయిద్దామని పంపారు. ఒకటి శ్రుతిలో కళ్యాణి శాక్సఫోన్‌కు ఏ స్వరాలవుతాయో చెప్పగలరా? ఆయనకు ఈ రాత్రే పంపాలి.

శాక్సఫోన్ సాధన

ఎ, బి, సి షార్ప్, డి షార్ప్, ఇ, ఎఫ్ షార్ప్, జి షార్ప్. కళ్యాణిలోని ప్రతిమధ్యమం, అంటే హెచ్చు మ, డి షార్ప్ మీద పడుతుంది, ఆ ఒక్క స్వరాన్ని ముందుగా విడిగా సాధన చేయమనండి.