అప్‌డేట్: ముగ్గురాయి సాంద్రత 3.9 ఎందుకు చూపించిందో తెలిసింది

పోయిన వారం కడప నుంచి అడిగింది నేనే. లోడ్ సెల్ (బరువు కొలిచే సెన్సర్), దాని సిగ్నల్‌ను అంకెలుగా మార్చే హెచ్‌ఎక్స్711 చిప్, ఆర్డునో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో సాంద్రత మీటర్ చేశాను, మంగంపేట ముగ్గురాయికి (బెరైటీస్) ఘన సెంటీమీటరుకు 4.2 గ్రాముల పైన రావాల్సింది 3.93 వస్తోందని మొత్తుకున్నా కదా.

సర్క్యూట్‌లో తప్పేం లేదు, తప్పంతా బుట్టలో ఉంది. రాయిని వేలాడదీసే స్టీలు తీగ బుట్టను గాల్లోనే సున్నా చేసి, అదే సున్నాతో నీళ్లలో కూడా తూచేస్తున్నా, కానీ మునిగితే బుట్ట కూడా బరువు తగ్గుతుంది కదా, ఆ 2.6 గ్రాములు రాయి ఖాతాలో పడుతున్నాయి. ఇప్పుడు ఖాళీ బుట్టను నీళ్లలో ముంచి మళ్లీ సున్నా చేస్తున్నా. రాయి బరువు గాల్లో 120.4 గ్రాములు, నీళ్లలో 92.4, తేడా 28, అంటే రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. గాల్లో బరువును ఆ తేడాతో భాగిస్తే 4.30, 30 డిగ్రీల నీటి సాంద్రత 0.996తో గుణిస్తే 4.28!

బుడగలు అంటుకోకుండా నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేశా. అంకెలు ఊగడం మాత్రం ఫ్యాన్ ఆపితేనే తగ్గింది, ఈ ఎండల్లో అదో శిక్ష. 20 రీడింగుల సగటు తీసుకుంటున్నా. కడప బండ ముక్క 2.68 వచ్చింది. ఇంక మీటర్‌కు డబ్బా చేయించాలి.