ఆదివారం సాయంత్రం బెజవాడ బీసెంట్ రోడ్డులో బళ్ళు ఆపేయాలా, వద్దా?

పటమట_పావురాయి (ఆదివారం, రాత్రి 9:40)
ఇప్పుడే ఇల్లు చేరాం. అమ్మకి రెండు జాకెట్ ముక్కలు, చెల్లికి క్లిప్పులు కొందామని ఏలూరు రోడ్డు వైపు నుంచి బీసెంట్ రోడ్డులోకి దిగాం. బందరు రోడ్డు వైపు తేలేసరికి ముప్పావు గంట పట్టింది. నడవడానికి కాదు, తప్పుకోవడానికే. వెనక ఒక హారన్, పక్కకి జరిగితే ఎదురుగా ఇంకో హారన్. అంత జనంలో ఒకాయన బుల్లెట్ మీద పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని, రెండు కాళ్ళూ నేలకి తన్నుకుంటూ తోసుకొస్తున్నాడు. సైలెన్సర్ అమ్మ పిక్కకి చీర మీంచే తగిలింది. ఇంటికొచ్చి చూస్తే రూపాయి బిళ్ళంత బొబ్బ. ఆయనేమో "కాస్త చూసి నడవాలి కదమ్మా" అని వెళ్ళిపోయాడు.

శని, ఆదివారాలు సాయంత్రం 5 నుంచి 10 దాకా ఆ రోడ్డులో బళ్ళు ఆపేస్తే ఎవరి సొమ్మేం పోతుంది? హైదరాబాదులో 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపేశారు. తర్వాత చార్మినార్ దగ్గర కూడా చేశారు. మనకెందుకు చేతకాదు?

గవర్నర్‌పేట_పాతకాపు (9:52)
మంచి మాట అన్నారమ్మా. ఇరవై ఏళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఇదే. ఆ రోడ్డుకి రెండు పక్కలా బళ్ళే. షాపు బోర్డు కనపడదు, గుమ్మం కనపడదు. నాది మ్యాచింగ్ సెంటర్. నా షాపు ఎక్కడో కస్టమర్‌కి ఫోన్లో చెప్పాలంటే "నైటీల బండికీ జేబురుమాళ్ళ బండికీ మధ్యలో సందుంటుంది, అందులోంచి రండి" అని చెప్పుకోవాల్సిన గతి. శని, ఆదివారాలే ఏమిటి, మొత్తంగా తీసేయాలి.

పటమట_పావురాయి (9:55)
అయ్యో, నేనన్నది తోపుడు బళ్ళ గురించి కాదండీ. మోటార్ సైకిళ్ళు, స్కూటీలు, ఆటోల గురించి.

గవర్నర్‌పేట_పాతకాపు (9:58)
బళ్ళు ఆపేయాలా అని పైన మీరే రాశారు కదమ్మా. బండి అంటే బండే. ముందు తోపుడు బళ్ళు తీసేస్తే రోడ్డు రెండింతలవుతుంది, అప్పుడు మోటార్ సైకిల్ మీ అమ్మగారికి ఎందుకు తగులుతుంది?

కాలవగట్టు (10:01)
చర్చ మొదలై ఇరవై నిమిషాలు దాటింది, ఏ బండో ఇంకా తేలలేదు 😂

సింగ్‌నగర్_కుర్రోడు (10:20)
పాతకాపు గారూ, ఆ జేబురుమాళ్ళ బండి మా నాన్నదే అయ్యుండొచ్చు. కాకపోయినా మాట్లాడతాను.

2014 వీధి వ్యాపారుల చట్టం ఒకసారి చదవండి. సర్వే పూర్తయి అమ్ముకునే సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్ళని ఖాళీ చేయించకూడదు. పంపాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో నూటికి 40 మందికి తగ్గకుండా అమ్ముకునేవాళ్ళే ఉండాలి. ఇప్పటికే నడుస్తున్న బజారుని అమ్మకాలు నిషేధించిన జోన్‌గా ప్రకటించడానికి కూడా వీల్లేదు. "తీసేయాలి" అని మీరు ఒక్క ముక్కలో తేల్చేసింది అంత తేలిగ్గా జరిగేది కాదు.

ఇంకో మాట. మా నాన్న 2020లో వీధి వ్యాపారుల కోసం కేంద్రం మొదలుపెట్టిన అప్పుల పథకం స్వనిధిలో పదివేలు తీసుకుని తీర్చాడు. అంతకుముందు వడ్డీవాళ్ళు పొద్దున తొమ్మిది వందలు చేతిలో పెట్టి, రాత్రికి వెయ్యి పట్టుకుపోయేవాళ్ళు. ఆ వంద పోను ఏమన్నా మిగిలేది ఆదివారం సాయంత్రమే. మిగతా రోజుల్లో వడ్డీకి సరిపోతే గొప్ప.

గవర్నర్‌పేట_పాతకాపు (10:41)
చట్టం నాకూ తెలుసు బాబూ. అదే చట్టంలో వీధి వ్యాపారులు ఊరి జనాభాలో రెండున్నర శాతానికి మించకుండా అని కూడా ఉంది. ఒక్క బీసెంట్ రోడ్డులోనే ఆ రెండున్నర శాతాన్నీ కూర్చోబెట్టమని ఉందా? నేను అద్దె కడుతున్నాను, అడ్వాన్సు ఇచ్చాను, కరెంటు కమర్షియల్ రేటు, జీఎస్టీ, ముగ్గురు అమ్మాయిలకి జీతాలు. మీ నాన్నగారు ఏం కడుతున్నారు?

సింగ్‌నగర్_కుర్రోడు (10:44)
ఆశీలు కడుతున్నాడు. అది కాక ఏ షాపు ముందు బండి పెడితే ఆ షాపు ఓనరుకి రోజుకింత అని కూడా కడతాడు. అది ఏ జీఎస్టీలో చూపిస్తారో మీకే తెలియాలి.

గవర్నర్‌పేట_పాతకాపు (10:46)
నేను ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. మాట జాగ్రత్త.

సింగ్‌నగర్_కుర్రోడు (10:47)
మీరని అనలేదు. తీసుకునేవాళ్ళు లేరని మీరు అనగలరా?

రిటైర్డ్_మాస్టారు (11:05)
ఒక చిన్న సవరణ. "బీసెంట్" కాదు, "బెసంట్" అనాలి. అనీ బెసంట్ 1917లో కలకత్తా కాంగ్రెస్‌కి అధ్యక్షురాలు. ఆవిడ పేరు పెట్టుకున్న వీధిలో పేరైనా సరిగ్గా పలకమని మనవి.

కాలవగట్టు (11:07)
మాస్టారూ, బందరు రోడ్డుకి మహాత్మాగాంధీ పేరు పెట్టి ఎన్నేళ్ళయింది? ఎవరన్నా ఆటోవాడికి ఎంజీ రోడ్డు అని చెబుతారా?

బ్రాడీపేట_నాలుగోలైను (సోమవారం, ఉదయం 7:30)
గుంటూరు నుంచి ఒక మాట. మా బ్రాడీపేటలో అడ్డరోడ్లకి నంబర్లుంటాయి. ఒకటి మూసుకుపోతే పక్క దాంట్లోంచి పోతాం, ఈ గొడవ లేదు. మీ ఊరికి ఒక పక్క కొండ, ఒక పక్క కృష్ణ, మధ్యలో మూడు కాలవలు. ఆదివారం వస్తే ఎటూ పోలేక అందరూ ఆ ఒక్క రోడ్డులోనే పడతారు. జాలేస్తుంది.

కాలవగట్టు (7:41)
జాలి పడుతూనే ఆదివారం షాపింగ్‌కి వారధి దాటి ఇక్కడికే వస్తారు.

కేపీహెచ్‌బీ_బెజవాడోడు (8:15)
నేను పదిహేను రోజులకోసారి హైదరాబాదు నుంచి వస్తుంటాను. పావురాయి గారు ట్యాంక్‌బండ్ అన్నారు కాబట్టి చెబుతున్నా. ట్యాంక్‌బండ్ చెరువు గట్టు. అక్కడ షాపులు లేవు, సరుకు దింపుకునేవాళ్ళు లేరు. ఆపడం సులువు. బీసెంట్ రోడ్డులో ఆపితే ఆ స్కూటీలన్నీ ఏలూరు రోడ్డు మీద పెడతారు, అప్పుడు అదీ జామ్. ముందు పార్కింగ్ ఎక్కడో చెప్పి తర్వాత ఆపండి. శనివారం నాడు బండి పెట్టుకోవడానికి నేనే నాలుగు చుట్లు తిరిగి, చివరికి ఏమీ కొనకుండా ఇంటికి పోయాను.

పటమట_పావురాయి (8:40)
నాలుగు చుట్లు బండి మీద తిరిగారంటే ఆ జనంలో హారన్ కొట్టినవాళ్ళలో మీరూ ఒకరన్నమాట.

కేపీహెచ్‌బీ_బెజవాడోడు (8:42)
నాది యాక్టివా అండీ, బుల్లెట్ కాదు.

గవర్నర్‌పేట_పాతకాపు (9:10)
పార్కింగ్ మాట ఎత్తారు, సంతోషం. షాపుకొచ్చేవాడు బండి మీదే వస్తాడు. ఆదివారం బళ్ళు (అమ్మా, ఈసారి మోటార్ సైకిళ్ళే) ఆపేస్తే నా కస్టమర్ మాల్‌కి పోతాడు. అక్కడ కింద పార్కింగు, పైన ఏసీ. ఆన్‌లైన్ దెబ్బకే సగం పోయింది, మిగతా సగం మీరు పోగొట్టండి.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీలో ఉచితం అన్నారు. ఆదివారం జనం పెరిగిన మాట నిజమే. ఉయ్యూరు, కంకిపాడు, మైలవరం, అన్ని వైపుల నుంచీ వస్తున్నారు. కానీ అందులో కొనేవాళ్ళెంతమంది? పదిమంది వస్తే ఎనిమిదిమంది చీర రంగు పట్టుకొచ్చి, ముప్పై జాకెట్ ముక్కలు విప్పించి, బల్ల నిండా పరిపించి, "మళ్ళీ వస్తాం" అని లేస్తారు. అవన్నీ మడతపెట్టేది మా అమ్మాయిలు. కొనకుండా ఊరికే తిరిగేవాళ్ళ కోసం రోడ్డు మూసి, కొనేవాడిని రావద్దంటారా?

సింగ్‌నగర్_కుర్రోడు (9:25)
ఉచిత బస్సులో వచ్చినవాళ్ళే మా బండి దగ్గర ఆగుతారు. ఇరవై రూపాయల జేబురుమాలుకి కూడా పది నిమిషాలు బేరమాడతారు, కానీ కొంటారు. మీ కస్టమర్ వేరు, మా కస్టమర్ వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఇంట్లో సరుకు మొత్తం తడిసింది. నాన్న ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి మూడు జేబురుమాళ్ళు యాభైకి అమ్మాడు. ఏ మాల్‌లో కొనేవాడు అవి తీసుకున్నాడు? ఊరికే తిరుగుతున్నారని మీరంటున్నవాళ్ళే తీసుకున్నారు.

పటమట_పావురాయి (9:50)
ఊరికే తిరిగేవాళ్ళు. సరే. నిన్న రాయకుండా వదిలేసిన సంగతి ఇప్పుడు రాస్తాను.

పిక్క కాలాక అమ్మ నడవలేకపోయింది. పక్కనే ఒక షాపు మెట్లుంటే కూర్చోబెట్టాను. ఏ షాపో చెప్పను. చెల్లి నీళ్ళ బాటిల్ తేవడానికి వెళ్ళింది. రెండు నిమిషాలు కాలేదు, లోపల్నుంచి ఒక కుర్రాడు చెంబుతో వచ్చి, మెట్ల మీద నీళ్ళు చల్లాడు. అమ్మ మీద కాదు, పక్కన. తుడవడానికి కాదు, చేతిలో గుడ్డ లేదు. అమ్మ ఒక మాటైనా అనలేదు. కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని లేచి, గోడకి ఆనుకుని నిలబడింది. అదే షాపులో పోయిన శ్రావణమాసంలో మేము ఆరువేలకి చీరలు కొన్నాం.

నేను వాహనాలు ఆపమన్నది అందుకు. ఆ రోడ్డులో కొనేవాడికి చోటుంది, అమ్మేవాడికి చోటుంది, బండికి చోటుంది. కాలు నొప్పి పుట్టిన మనిషి కూర్చోడానికి జానెడు లేదు. ఆదివారం సాయంత్రం రూపాయి ఖర్చుపెట్టకుండా కూర్చోవాలంటే ఈ ఊళ్ళో ఘాట్‌కి పోవాలి, లేదా బ్యారేజీ మీద నిలబడాలి.

కాలవగట్టు (9:53)
బ్యారేజీ మీద నిలబడినా కానిస్టేబుల్ ఈల వేస్తాడు.

గవర్నర్‌పేట_పాతకాపు (10:30)
మీ అమ్మగారికి అలా జరగకూడదు. తప్పే. అది నా షాపు కాదు, నా షాపుకి మెట్లే లేవు, ఒక్కటే గడప. కానీ దాని మీద ఇనుప ఊచలు పెట్టించింది నేనే, దాచడం ఎందుకు. ఎందుకు పెట్టించానో కూడా వినండి. సాయంత్రం అయితే చాలు, నలుగురు కుర్రాళ్ళు గడప మీద కూర్చుని, పల్లీ తొక్కలు అక్కడే పోసి, సిగరెట్టు ముట్టించేవాళ్ళు. ఆడవాళ్ళు లోపలికి రావడానికి జంకేవాళ్ళు. జరగండి బాబూ అంటే, "నీ బాబు రోడ్డా" అన్నాడు ఒకడు. నా వయసు అరవై మూడు. షాపులో అమ్మాయిల ముందు అన్నాడు. మర్నాడు వెల్డింగ్ వాడిని పిలిచాను.

అందుకే కూర్చోనివ్వండి అంటే నాకు మీ అమ్మగారు కనపడరు, వాడు కనపడతాడు.

పటమట_పావురాయి (10:38)
వాడు అన్నదానికి మా అమ్మ నిలబడాలా?

గవర్నర్‌పేట_పాతకాపు (10:40)
అలా అడిగితే నా దగ్గర జవాబు లేదమ్మా.

రిటైర్డ్_మాస్టారు (11:15)
బొబ్బని చిదమొద్దని చెప్పండి. చల్లటి నీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డ వదులుగా కట్టండి. టూత్‌పేస్టు రాయొద్దు. మావాళ్ళు రాసి పెద్దది చేసుకున్నారు.

పటమట_పావురాయి (11:20)
నిన్న రాత్రే రాసేసింది మాస్టారూ. ఇప్పుడే కడిగించాను.

కేపీహెచ్‌బీ_బెజవాడోడు (11:32)
పార్కింగ్ సంగతి ఎవరూ తేల్చలేదు.

సింగ్‌నగర్_కుర్రోడు (మధ్యాహ్నం 12:05)
యాక్టివా గారూ, ఆటోలో రండి.

గవర్నర్‌పేట_పాతకాపు (1:10)
పావురాయి అమ్మా, వచ్చే ఆదివారం వస్తే మా షాపులో కుర్చీ వేయిస్తాను, అమ్మగారు ఎంతసేపైనా కూర్చోవచ్చు. జాకెట్ ముక్క కొన్నా కొనకపోయినా. ఊచలు మాత్రం తీయను.

పటమట_పావురాయి (1:25)
థాంక్సండీ. కానీ మీ కుర్చీ మా అమ్మ ఒక్కదానికే. రోడ్డు మీద రెండు సిమెంటు బల్లలు వేయించమని కార్పొరేషన్‌కి అర్జీ రాస్తున్నాను, మీరు సంతకం పెడతారా?

గవర్నర్‌పేట_పాతకాపు (1:31)
బల్లలు వేస్తే సాయంత్రానికి వాటి మీద కూడా సరుకు పరిచేస్తారు. వాళ్ళ నాన్ననే అడగండి.

సింగ్‌నగర్_కుర్రోడు (1:33)
మాది జేబురుమాళ్ళే సార్. పరిచేది నైటీల బండివాళ్ళు.