అప్‌డేట్: టేకు కుర్చీల రూపకర్త తెలిశారు

డెన్మార్క్‌లోని ఓర్హూస్ ఊళ్ళో పాత సామాన్ల సంతలో కొన్న నాలుగు టేకు కుర్చీలు ఎవరు రూపొందించినవని పోయిన నెల ఇక్కడ అడిగాను. తిరగేసి చూడమన్నవారికి ధన్యవాదాలు. సీటు చట్రం లోపలి వైపు, దుమ్ము కింద, జె. ఎల్. మోలర్ అనే కుర్చీల తయారీ సంస్థ ముద్ర కనిపించింది! ఇవి నీల్స్ ఒట్టో మోలర్ 1951లో గీసిన 71 నంబరు నమూనా కుర్చీలు. ఆయన వడ్రంగం నేర్చినవాడు, 1944లో ఇదే ఊళ్ళో ఆ సంస్థ కర్మాగారం పెట్టాడు.

కాళ్ళ మధ్య అడ్డుకర్ర ఒక్కటీ లేదు. అయినా కుర్చీ కదలదు. వీపు ఆనే కర్ర వంపు మీద చెయ్యి వేస్తే ఎక్కడా అంచు తగలదు. ఎంతసేపు నిమిరానో!

రెండు సీట్ల అల్లిక తెగిపోయింది. అది నార కాదు, మెలితిప్పిన కాగితపు తాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సముద్రపు గడ్డి తాడు దొరక్క డెన్మార్క్‌లో దీన్ని వాడటం మొదలుపెట్టారట. చట్రం లోపలి మేకులకు తగిలిస్తూ నేనే అల్లుతున్నాను. ఒక సీటు పూర్తయింది, వేళ్ళు బొబ్బలెక్కాయి. వార్నిష్ వద్దన్న సలహా పాటించాను, నూనె మాత్రమే పట్టించాను.