తేలిక వైరస్ సోకిన బొప్పాయికి బలమైనది సోకదా?

లంక రైతు:
రావులపాలెం దగ్గర లంకలో ఎకరం బొప్పాయి వేశానండీ, రెడ్ లేడీ రకం. సంక్రాంతి దాటాక లేత ఆకులు మచ్చలు పడి ముడుచుకున్నాయి, కాడల మీద నూనె జారినట్టు చారలు, కాయల మీద ఉంగరాలు. తోట దాదాపు పోయింది. గట్టు పక్కన నాలుగు చెట్లకు మాత్రం ఆకుల్లో మచ్చ లేతగా ఉంది, కాయ నిండుగా దిగుతోంది. తేలిక వైరస్ ముందే సోకితే బలమైనది ఎక్కదని విన్నాను. ఆ నాలుగింటి ఆకు రసం నారుకు రుద్దనా? పోయిన పంట అప్పు ఇంకా తీరలేదు, మళ్లీ తప్పు చేయలేను.

తెగుళ్ల విభాగంలో పనిచేసినవాడిని:
విన్నది నిజమే. 1929లో మెకిన్నీ అనే శాస్త్రవేత్త దీన్ని మన లంకలకు బాగా తెలిసిన పంటలోనే, పొగాకులోనే చూశారు. లేత ఆకుపచ్చ మచ్చల రకం ముందే ఉన్న మొక్కకు పసుపు మచ్చల రకం ఎక్కించినా పసుపు రాలేదు. మొదట చొరబడిన వైరస్ ఆర్‌ఎన్‌ఏను, అంటే దాని జన్యు పదార్థాన్ని, మొక్క గుర్తుపట్టి ముక్కలు చేస్తుంది. తరువాత వచ్చినదీ దాదాపు అదే అయితే దానికీ అదే గతి. పోలిక తగ్గితే గుర్తుపట్టదు. మీరు చెప్పిన లక్షణాలు బొప్పాయి ఉంగరపు మచ్చ వైరస్‌వి; ఆ వైరస్‌కే 1980ల్లో హవాయిలోని వైరస్ రకం నుంచి తేలిక రకం తయారుచేశారు. హవాయిలో బాగా కాపాడింది, తైవాన్‌లో అక్కడి రకాల ముందు అంతగా నిలవలేదు.

మీ నాలుగు చెట్లలో ఉన్నది తేలిక రకమో, ఆలస్యంగా సోకిన బలమైనదో కంటికి తెలియదు. రసంలో వేరే వైరస్ కూడా ఉంటే మరీ ప్రమాదం. దగ్గర చుట్టాలు ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి గాని, చుట్టరికం లేనివి కలిస్తే తెగులు ముదురుతుంది. బంగాళాదుంపలో ఎక్స్, వై వైరస్‌లు కలిస్తే జరిగేది అదే. దయచేసి రుద్దకండి.

ఆత్రేయపురం తోట:
అన్నా, నేను నారు సన్నని వల కింద పెంచుతాను. తోట చుట్టూ మూడు వరుసల జొన్న, బొప్పాయి కన్నా ముందే వేయాలి. ఈ వైరస్‌ను మోసుకొచ్చే పేనుబంక పురుగు ముందు జొన్న మీద వాలి మూతి గుచ్చితే దాని మూతికి అంటిన వైరస్ అక్కడే పోతుంది. మందు మీద ఆశ పెట్టుకోకండి, పురుగు చచ్చేలోపే అంటించేస్తుంది. దగ్గర్లో దోస, గుమ్మడి పాదులుంటే తీసేయండి, ఈ వైరస్ వాటిలోనూ ఉంటుంది.

లంక రైతు:
రుద్దను. గట్టు మీద మా అమ్మ పెట్టిన దోసపాదు ఉంది, రేపే తీసేస్తాను. ఆ నాలుగు చెట్లు ఉంచనా?

తెగుళ్ల విభాగంలో పనిచేసినవాడిని:
ఉన్న కాయ కోసుకుని, కొత్త నారు పొలానికి రాకముందే కొట్టేయండి. కొట్టేముందు నాలుగు చెట్ల లేత ఆకులు విడివిడి సంచుల్లో పెట్టి వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయంలో చూపించండి. ఏ ఆకు ఏ చెట్టుదో సంచి మీద రాయండి.