‘సరెండర్’ అంటే లొంగుబాటేనా?

యూరోపియన్ అరెస్ట్ వారంట్ (ఒక ఈయూ దేశం కోర్టు జారీ చేస్తే ఇంకో ఈయూ దేశం మనిషిని పట్టి ఇచ్చే ఏర్పాటు) గురించిన ఒక అనువాదంలో ‘నిందితుడి లొంగుబాటు’ అని చదివాను. మూలంలో సరెండర్ అని ఉంది. సరైనదేనా? లేక పత్రికల్లో రాసినట్టు ‘నేరస్థుల అప్పగింత’ అంటే పోతుందా?

— లొంగుబాటు ససేమిరా కుదరదండీ. లొంగిపోయేది మనిషి. ఇక్కడ అతను లాయర్లను పెట్టుకుని చివరిదాకా పోట్లాడినా, ఒక దేశం కోర్టు ఇంకో దేశానికి అతన్ని పట్టి ఇస్తే దాని పేరు సరెండరే. 2002లో ఈ వారంట్ తెచ్చినప్పుడు ఎక్స్‌ట్రడిషన్ అనే పాత మాటను కావాలనే పక్కన పెట్టారు, పాత పద్ధతిలో కోర్టు సరే అన్నాక కూడా చివరి మాట ప్రభుత్వానిదే, రాజకీయం దూరేది అక్కడే కాబట్టి. ఇప్పుడు వ్యవహారమంతా కోర్టుల మధ్యే. తెలుగులో రెంటికీ అప్పగింత చాలు, ‘నేరస్థుల’ మాత్రం తీసేయాలి. స్పెయిన్ నుంచి కాటలోనియా విడిపోవాలన్న అక్కడి నాయకుడు కార్లెస్ పుజ్‌డెమోన్‌ని 2018 మార్చిలో జర్మనీలో పట్టుకున్నారు, అప్పటికి ఏ కోర్టూ ఆయన్ని దోషి అనలేదు, మరి నేరస్థుడు ఎలా అవుతాడు?

— అప్పగింత అనగానే నాకు పెళ్లి పందిట్లో ఏడుపులే గుర్తొస్తాయి, కోర్టు తీర్పులో చదివితే నవ్వొస్తుంది.

— పెళ్లివి ఎప్పుడూ ‘అప్పగింతలు’ కదండీ, బహువచనం. కోర్టుది ఏకవచనం, గొడవ లేదు. పైగా ‘ఇల్లు అప్పగించి ఊరెళ్లాం’ అంటే చూసుకోమని ఇచ్చినట్టే గానీ అమ్ముకోమని కాదు. ఆ అర్థం ఇక్కడ భలే పనికొస్తుంది, మనిషిని ఇచ్చేదీ చెప్పిన పనికే గానీ ఏమైనా చేసుకోమని కాదు. 32 రకాల పెద్ద నేరాలకు, మూడేళ్లు ఆపైన శిక్ష పడేవైతే, పట్టి ఇచ్చే దేశం చట్టంలోనూ అది నేరమేనా అని చూడరు. పుజ్‌డెమోన్ మీద స్పెయిన్ మోపిన తిరుగుబాటు నేరం ఆ జాబితాలో లేదు, కాబట్టి చూశారు. జర్మన్ చట్టం కోరేంత హింస ఇందులో లేదని జర్మనీలోని ష్లెస్విగ్ కోర్టు తేల్చి, జులైలో ప్రజాధనం దుర్వినియోగం అన్న ఒక్క ఆరోపణ మీదే పంపుతామంది. అలా పంపితే ఆ ఒక్కదాని మీదే విచారించాలి, తీసుకెళ్లాక తిరుగుబాటు కేసు బయటికి తీస్తామంటే కుదరదు. అందుకే స్పెయిన్ సుప్రీంకోర్టు జడ్జి పాబ్లో ల్యరేనా అసలు మనిషే వద్దని వారంట్ వెనక్కి తీసుకున్నాడు! పట్టుబడి చేతికొచ్చేవాణ్ణి వదులుకున్నారు, నాకైతే ఇప్పటికీ వింతే.

— ఆ ఒక్క నేరానికే అన్న నియమాన్ని స్పెషాలిటీ అంటారు. దానికేం పెడదాం? ‘ప్రత్యేకత’ అంటే హోటల్ బోర్డులా ఉంది.

— ‘పరిమిత విచారణ నియమం’ అని ఒకసారి రాశాను. పొడుగే, ఇంకా మంచిది తడితే చెప్పండి.