దాళ్వా చేలల్లో గూబల పెట్టెలు పెట్టాలా, వద్దా?

కాలవగట్టు:
పంట కాలవకీ మురుగు కాలవకీ మధ్య వంద ఎకరాల వరిచెక్క అనుకోండి. దాళ్వా (రబీ వరి) పొట్టదశకి వచ్చేసరికి పందికొక్కులు పిలకల్ని ఏటవాలుగా కొరికేస్తాయి, ఈనాక కంకుల్ని కలుగుల్లోకి లాక్కుపోతాయి. ఏటా మందు పెట్టేకంటే చేలమధ్య గూబలకి చెక్కపెట్టెలు నిలబెట్టడం మేలని నా వాదన. మలేషియా ఆయిల్‌పామ్ తోటల్లో 5 నుంచి 10 హెక్టార్లకి ఒక పెట్టె లెక్కన పెడుతున్నారు. ఇజ్రాయెల్ పొలాల్లో 1980ల నుంచీ ఉన్నాయి. ఆ లెక్కన వంద ఎకరాలకి నాలుగు నుంచి ఎనిమిది పెట్టెలు చాలు. వద్దనేవాళ్ళు కారణం చెప్పండి.

సార్వా_దాళ్వా:
కారణం ఈతల లెక్కేనండి. పందికొక్కు మూడు వారాలు మోసి ఒక్క ఈతలో ఆరేడు పిల్లల్ని పెడుతుంది, పంట చేతికొచ్చేలోపు ఆ పిల్లలూ ఈనేస్తాయి. గూబ గుడ్లు పొదగడానికే నెల పడుతుంది, పిల్ల ఎగరడానికి ఇంకో రెండు నెలలు. ఎలుక విరుచుకుపడ్డ ఏడాది గూబ ఆ వేగాన్ని అందుకోలేదు. పైగా ఎదిగిన పందికొక్కు బరువు గూబ బరువుకి ఇంచుమించు సమానం, కాబట్టి గూబ ఎత్తుకుపోయేది ఎక్కువగా పిల్లల్నీ చిన్న ఎలుకల్నీ.

అసలు పని గట్ల దగ్గర ఉంది. గట్టు అడుగు వెడల్పు, అడుగు ఎత్తు మించకపోతే పందికొక్కు అందులో కాపురం పెట్టడం కష్టం. సార్వాలో (ఖరీఫ్‌లో) చేలు మునిగినప్పుడు ఎలుకలన్నీ కాలవగట్లమీదికీ కొబ్బరితోటల్లోకీ ఎక్కుతాయి, నీరు తీయగానే దిగిపోతాయి. ఊరంతా ఒకే రోజు పట్టుకోవలసింది వాటిని గట్లమీద గుమిగూడిన ఆ సమయంలోనే. ఒక్క రైతు తన చేలో చేస్తే పక్క చేలోంచి వారంలో మళ్ళీ వచ్చి చేరతాయి.

మడఅడవి:
ఇద్దరూ "గూబ" అని ఒకే మాట వాడుతున్నారు, చిక్కంతా అక్కడే ఉందండి. ప్రపంచంలో 240కి పైగా గూబ జాతులున్నాయి, ఒకదాని ఇల్లు ఇంకోదానికి పనికిరాదు. అమెరికా ఎడారిలో 40 గ్రాముల గూబ, వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన బ్రహ్మజెముడు తొర్రలో ఉంటూ పురుగులూ తేళ్ళూ తింటుంది. అక్కడే ఇంకో గూబ నేలబొరియలో కాపురముండి, వాకిట్లో పేడ తెచ్చి పరుస్తుంది, పేడపురుగులు వాటంతటవే నోటికొస్తాయని. ఉత్తర ధ్రువం దగ్గరి తెల్లగూబ చెట్టేలేని నేలమీద గుడ్లు పెడుతుంది, ఎలుకలు లేని ఏడాది అసలు పెట్టదు. జపాన్ ఉత్తరాన, రష్యా తూర్పు కొసన ఉండే అన్నిటికంటే పెద్ద గూబకి నది ఒడ్డున మహావృక్షాలు కావాలి, దాని తిండి చేప.

మన దగ్గరా అంతే. సాయంత్రం కరెంటు తీగమీద కూర్చుని తల ఊపే పైడికంటి గూబకి పురుగులు, బల్లులు, చిట్టెలుకలు చాలు. పందికొక్కు దాని వల్ల కాదు. చేపల గూబ కాళ్ళకి ఈకలుండవు, చేప జారకుండా పాదాల అడుగున గరుకు పొలుసులుంటాయి. నీళ్ళలో చేపకి రెక్కల చప్పుడుతో పనిలేదు కాబట్టి దీని రెక్క మెత్తన కాదు, ఎగిరితే వినిపిస్తుంది. ఎలుకల్ని గట్టిగా తినే కొమ్ముల గూబ రాతిచరియల్లో, కోసుకుపోయిన మట్టిగట్ల అంచుల్లో గుడ్లు పెట్టేది, డెల్టాలో దానికి ఆ వసతి తక్కువ. చలికాలంలో ఉత్తరాన్నుంచి వచ్చే పొట్టిచెవుల గూబ గడ్డిబీళ్ళలో నేలమీదే పడుకుంటుంది, దానికి కావలసింది దున్నని బీడు.

ఎలుకల్ని గట్టిగా తినేవాటిలో పెట్టెలోకి దిగేది ఒక్క చావుపిట్టే, హృదయాకారపు తెల్లమొహం ఉన్న గూబ. కాబట్టి ప్రశ్న "గూబల పెట్టెలు" కాదు, "చావుపిట్ట పెట్టెలు". ఇంటిమీద వాలితే ఇల్లు పాడుపెట్టాలనే నమ్మకం ఈ పిట్ట మీదే ఎక్కువ. అది తీరకుండా ఊళ్ళో పెట్టె నిలబెడితే రాళ్ళు పడతాయి.

కాలవగట్టు:
ఒప్పుకున్నానండి, నా మాట సరిచేసుకుంటున్నాను. కానీ అన్నిచోట్లా పనిచేస్తున్నది కూడా ఆ జాతే కదా? మిగతావాటికి తావు లేనంతమాత్రాన దీన్నెందుకు ఆపాలి?

మడఅడవి:
ఆపమనడం లేదు. ఉన్నచోట ఇల్లు ఇవ్వడం వేరు, లేనిచోటికి తేవడం వేరు. ఆస్ట్రేలియా పక్కన లార్డ్ హోవ్ ద్వీపానికి ఎలుకల కోసం 1920లలో గూబల్ని తెచ్చి వదిలారు. ఎలుకలు తగ్గలేదు, గూబలు స్థానిక పక్షుల్ని తినడం మొదలుపెట్టాయి. చివరికి 2019లో ద్వీపమంతా మందు పెట్టవలసివచ్చింది. సీషెల్స్‌లో 1949లో, హవాయిలో 1958 నుంచి వదిలిన చావుపిట్టలు కూడా సముద్రపక్షుల మీద పడ్డాయి. అందుకని "ఎక్కడినుంచో నాలుగు జతలు తెప్పిద్దాం" అనే మాట ఇక్కడ ఎవరూ ఎత్తకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గూబని పట్టడం, అమ్మడం నేరం కూడా.

వెదురుబుట్ట:
పెట్టెకంటే ముందు మందు సంగతి తేల్చండి. బ్రోమాడయోలోన్ ఎర అంటే 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు 0.25 శాతం మందు. ముందురోజు కలుగులన్నీ మట్టితో మూసి, మర్నాడు తెరిచినవాటిలో 15 గ్రాముల పొట్లం పెడతారు. ఈ మందుకి ఎలుక వెంటనే చావదు, నాలుగైదు రోజులు తూలుతూ బయట తిరుగుతుంది. గూబకి ముందు దొరికేది ఆ తూలే ఎలుకే. మందు ఎలుక కాలేయంలో ఉండిపోతుంది, తిన్న గూబకీ లోపల రక్తం గడ్డకట్టదు. ఒకే ఆయకట్టులో పెట్టే, ఈ మందూ రెండూ పెడితే గూబల్ని పిలిచి చంపినట్టే.

జింక్ ఫాస్ఫైడ్ అయితే గంటల్లో చంపుతుంది, ఒంట్లో అంతగా నిలవదు. కానీ ముందు రెండ్రోజులు ఒట్టి నూకలు అలవాటు చెయ్యకపోతే ఎలుక ఒకసారి రుచి చూసి మళ్ళీ ముట్టదు. కుక్కలకి, మనుషులకి విరుగుడు లేని మందది. నా ఓటు ఎలుకల్ని పట్టే వెదురు బుట్టలకే. నాట్లు పడిన తొలి నెలలో, ఈతలు మొదలవకముందే పెట్టాలి. గూబకి విషం ఉండదు, మిగిలిన ఎలుకలు దానికి మిగులుతాయి.

సార్వా_దాళ్వా:
బుట్టలు వంద ఎకరాలకి ఎన్ని పెట్టాలి, పట్టే మనుషులెక్కడ? ఊరు కలిసిరాకపోతే మందు తప్పదండి. మందు పెట్టినా చచ్చిన ఎలుకల్ని రోజూ పొద్దున్నే ఏరి లోతుగా పాతిపెట్టాలన్నది మాత్రం నేను ఒప్పుకుంటాను. ఎవరూ చెయ్యని పని అదే.

కాలవగట్టు:
అయితే మందు ఆపిన వరిచెక్కలోనే పెట్టె. నా కొలతలు చూడండి: రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నీళ్ళకి ఆగే ప్లైవుడ్. రేకు వద్దు, ఏప్రిల్ ఎండకి పిల్లలు ఉడికిపోతాయి. కన్నం 15 సెంటీమీటర్లు, పెట్టె అడుగుభాగానికి 12 సెంటీమీటర్ల పైన. 4 మీటర్ల స్తంభం.

మడఅడవి:
కన్నం ఇంకా పైకి జరపండి. పెట్టె అడుగుభాగం నుంచి కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలి, లేకపోతే తిండి కోసం తోసుకునే పిల్లలు కిందపడతాయి. పడిన పిల్లని తల్లి మేపదు, కుక్క ఎత్తుకుపోతుంది. ఎత్తు అడుగున్నర చాలకపోతే రెండడుగులు చెయ్యండి. కింద నాలుగు సన్నచిల్లులు, పక్కన తలుపు. కన్నం ఉత్తరానికి తిప్పండి, నైరుతి జల్లూ మధ్యాహ్నపు ఎండా తగలవు. అక్టోబరు, నవంబరు తుఫాన్లలో గాలి ఎటునుంచైనా కొడుతుంది కాబట్టి కప్పు ముందుకి జానెడు పొడుచుకురావాలి. గోరింకలూ తేనెటీగలూ ముందు చేరతాయి, గుడ్లూ పిల్లలూ లేవని చూసుకుని ఏటా శుభ్రం చెయ్యాలి. తారురోడ్డు పక్కనా, తీగలు లాగిన చేపల చెరువుల పక్కనా పెట్టకండి, ఈ గూబ వేటాడేటప్పుడు తక్కువ ఎత్తులో ఎగురుతుంది.

ఫలితం చూడాలంటే పెట్టె కింద గూబ కక్కిన ఉండలు (అరగని బొచ్చు, ఎముకలు) ఏరండి. తాజాది నల్లగా వార్నిష్ వేసినట్టు మెరుస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి చిమటాతో విప్పితే పుర్రెలు చెదరకుండా దొరుకుతాయి, ఎలుకని దాదాపు మొత్తంగా మింగేస్తుంది కదా. ముందు రెండు నారింజరంగు ఉలిపళ్ళు, వాటి వెనక ఖాళీ ఉంటే ఎలుక. ఖాళీ లేకుండా వరసగా సూదిపళ్ళుంటే పురుగులు తినే చుంచు, దానికీ పంటకీ సంబంధం లేదు.

సార్వా_దాళ్వా:
అలాగైతే పక్కపక్కనున్న రెండు వరిచెక్కలు తీసుకుని చూద్దాం. ఒకదాంట్లో పెట్టెలూ బుట్టలూ, రెండోదాంట్లో బుట్టలు మాత్రమే. పదిహేను రోజులకోసారి కలుగులు మూసి, మర్నాడు తెరిచినవి లెక్కపెట్టాలి. రెండు దాళ్వాలు నడిస్తేగానీ నేను అవునని అనను.

వెదురుబుట్ట:
ఆ లెక్కలోకి గట్టుమీది మొండి తాడిచెట్లు కూడా రాసుకోండి. తల పోయిన తాడి తొర్రలో పెట్టె ఖర్చు లేకుండా గూబలుంటాయి. పెట్టె నిలబెట్టే రోజున ఆ తాడిని కొట్టేసి పొయ్యిలోకి పంపితే లెక్క మొదట్లోనే తప్పుతుంది.