ఫ్లోర్‌బాల్ క్లబ్ మొదలుపెట్టాం: మొదటి రోజు 22 మంది, నిన్న ఏడుగురు. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

మూలమీద_బంతి:

అందరికీ నమస్తే. రెండు నెలల క్రితం నేనూ మా ఫ్రెండూ కలిసి ఒక ఫ్లోర్‌బాల్ క్లబ్ మొదలుపెట్టాం. తెలియనివాళ్లకు: ఇది హాల్లో స్టిక్స్‌తో, చిల్లులున్న తేలికైన ప్లాస్టిక్ బంతితో ఆడే హాకీ లాంటి ఆట. క్లబ్ అంటే పెద్ద హంగామా ఏమీ లేదు, వారానికి ఒక సాయంత్రం గంటన్నరసేపు ఇండోర్ హాలు, ఒక బ్యాగు నిండా స్టిక్స్, ఒక వాట్సాప్ గ్రూపు, అంతే. మొదటి రోజు 22 మంది వచ్చేసరికి మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. మూడో వారానికి 13 మంది. నిన్న ఏడుగురం, అది కూడా ఒకతను తోడుగా తన తమ్ముణ్ని లాక్కొచ్చాడు కాబట్టి, లేకపోతే ఆరుగురమే.

గ్రూపులో మాత్రం 41 మంది ఉన్నారు. "ఈ వారం ఎవరెవరు వస్తున్నారు?" అని అడిగితే బొటనవేళ్లు వస్తాయి, మనుషులు రారు. హాలు అద్దెలో తక్కువ పడింది మేమిద్దరమే వేసుకుంటున్నాం. గోల్‌లో నిలబడమంటే అందరికీ అర్జెంటుగా షూ లేసు కట్టుకోవాల్సి వస్తుంది. ఆడే చోటు (రింక్) చుట్టూ అడ్డుగా నిలబెట్టే బోర్డులు లేవు కాబట్టి బంతి ప్రతి నిమిషం ఏ మూలకో దొర్లిపోతుంది. అసలు రింక్ బోర్డులు కొంటే ఆట సీరియస్‌గా కనిపించి జనం నిలబడతారని మా వాడి వాదన, నాకేమో డౌటు. నడిపిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. దయచేసి "పట్టు వదలకండి" అని మాత్రం రాయకండి, పట్టు ఉంది, మనుషులే లేరు.

పాత_స్టిక్:

బోర్డులు ఇప్పుడే కొనకండి. ఫుల్ సైజు రింక్ 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, చుట్టూ అరమీటరు ఎత్తు బోర్డులు. కొనడం ఒక ఎత్తయితే ఆ ముక్కలన్నీ పెట్టుకోవడానికి చోటు, ప్రతిసారీ పరిచి మళ్లీ సర్దడానికి మనుషులు ఇంకో ఎత్తు. ఏడుగురికి గంటన్నరలో అరగంట దానికే పోతుంది. హాల్లో పొడుగు బెంచీలుంటే పక్కకు పడుకోబెట్టండి, చాలు. బంతి బరువు 23 గ్రాములే కాబట్టి అడ్డం ఏదున్నా ఆగుతుంది.

అసలు సంగతి వేరే అని నా అనుమానం. వచ్చే వారం మీరు ఆడకుండా పక్కన నిలబడి, కొత్తగా వచ్చినవాళ్లకు ఎన్నిసార్లు బంతి అందుతుందో లెక్కపెట్టండి. మా క్లబ్‌లో ఒకమ్మాయి మొదటిసారి వచ్చింది, ఇరవై నిమిషాల్లో ఆమెకు బంతి తగిలింది మూడుసార్లు, అందులో ఒకటి కాలికి. బాగా ఆడేవాళ్లు నలుగురూ ఒకరికొకరు పాసులు ఇచ్చుకుంటూ మురిసిపోతున్నాం, నేనూ అందులో ఉన్నాను. ఆమె స్టిక్‌ను జాగ్రత్తగా గోడకు ఆనించి, "థాంక్సండీ, చాలా బాగుంది" అని చెప్పి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. మేము ఆమెకు టైం కుదరలేదేమో అనుకున్నాం!

ఆ తర్వాత హాలును అడ్డంగా రెండుగా విడగొట్టి, చిన్న గోల్స్ పెట్టి, గోలీ లేకుండా ముగ్గురు ముగ్గురు ఆడటం మొదలుపెట్టాం. మీకున్న ఏడుగురికి అదే సరిపోతుంది, ఒకరు బయట, రెండేసి నిమిషాలకు మార్పు. ముగ్గురే ఉన్నప్పుడు బంతి నుంచి దాక్కోవడం ఎవరివల్లా కాదు. మొదటిరోజు రూల్స్ కూడా మూడే చెప్పండి: స్టిక్ నడుము పైకి లేవకూడదు, ఎదుటివాళ్ల స్టిక్‌ను కొట్టకూడదు, ఎత్తకూడదు, బంతిని చేత్తో గానీ తలతో గానీ ఆడకూడదు. మిగతావి ఆడుతుంటే వస్తాయి. కళ్లకు రక్షణ అద్దాలు మాత్రం మొదటిరోజు నుంచే అలవాటు చేయండి, పిల్లలు వస్తే అసలు బేరమే లేదు.

కర్రలేని_గోలీ:

షూ లేసు సంగతి చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే పదేళ్ల క్రితం లేసు కట్టుకోవడం ఆలస్యమై దొరికిపోయినవాణ్ని నేనే.

గోల్‌లో ఎవరూ ఎందుకు నిలబడరంటే మామూలు ట్రాక్ ప్యాంటుతో నిలబెడతారు కాబట్టి. ఈ ఆటలో గోలీకి స్టిక్ ఉండదు, మోకాళ్ల మీద కూర్చుని ఒంటితోనే ఆపాలి. గోల్ 160 సెంటీమీటర్ల వెడల్పు, 115 ఎత్తు, వినడానికి చిన్నదే, అందులో మోకాళ్ల మీద ఉన్నప్పుడు తెలుస్తుంది. బంతి తేలికే, ఒంటినిండా 26 చిల్లులే, కానీ నాలుగు మీటర్ల నుంచి తొడమీద తగిలితే ఆ గుండ్రటి ముద్ర రెండు రోజులుంటుంది. జాలీ ఉన్న హెల్మెట్, ప్యాడింగ్ ఉన్న ప్యాంటు, జెర్సీ కింద ప్యాడింగ్ వెస్టు, మోకాలి ప్యాడ్లు, ఇవి క్లబ్బే కొనాలి. మీ దగ్గర బోర్డుల డబ్బు ఉంటే ఇక్కడ పెట్టండి. ఉతికే బాధ్యత ఎవరిదో కూడా కొన్నరోజే తేల్చేయండి, ఆ బ్యాగు జిప్ తీసినప్పుడు వచ్చే వాసనకు క్లబ్బులే విడిపోగలవు.

ఇంకోటి, వార్మప్. నా మొదటి టీమ్‌లో వార్మప్ అంటే అందరూ వరసగా వచ్చి నా తల పక్కన పై మూలకు బలమంతా పెట్టి కొట్టడం. ఒక్కటీ ఆపలేదు, ఆట మొదలవకముందే ప్రాణం ఉసూరుమంది. మొదటి పది నిమిషాలు దూరం నుంచి, మెల్లగా, ఒంటిమీదకు కొట్టమనండి. నాలుగు ఆపితే మనిషికి రుచి తెలుస్తుంది. వంతులవారీగా బలవంతంగా నిలబెట్టకండి, ఇష్టపడేవాళ్లు ఒక్కరు దొరికితే చాలు. మేమైతే గోలీ దగ్గర ఫీజు తీసుకోం.

లెక్కల_మనిషి:

పైన ఇద్దరూ ఆట గురించి చెప్పారు, నేను డబ్బు గురించి చెబుతాను. మీరు వచ్చిన రోజుకు ఇంత అని వసూలు చేస్తున్నారని నా ఊహ. అలా అయితే ఇంట్లో సోఫా ప్రతి వారం మీతో పోటీ పడుతుంది, ఎక్కువసార్లు అదే గెలుస్తుంది. మొదటి రెండుసార్లు ఉచితం, తర్వాత పది వారాలకు కలిపి ముందే కట్టించుకోండి. కట్టినవాళ్లు బద్ధకంగా ఉన్నా వస్తారు. గ్రూపులో "ఎవరు వస్తున్నారు" అని అడగడం మానేసి "రానివాళ్లు మాత్రమే చెప్పండి" అని పెట్టండి.

ఆరుగురే ఉన్నారని ఎప్పుడూ రద్దు చేయకండి. మేము ఒకసారి చివరి నిమిషంలో రద్దు చేశాం, ఆ మెసేజ్ చూసుకోని కుర్రాడు హాలు దాకా వచ్చి తాళం చూసి వెళ్లాడు. అతనూ మళ్లీ కనపడలేదు.

పాత_స్టిక్ గారితో ఒక్క చోట ఒప్పుకోను. సాయంత్రం అంతా కొత్తవాళ్ల కోసమే నడిపితే పాతవాళ్లకు విసుగొస్తుంది, చెప్పకుండానే జారుకుంటారు. చివరి అరగంట గోలీతో సరైన మ్యాచ్ ఉండాల్సిందే. తాళం ఒకరికి, స్టిక్స్ బ్యాగు ఇంకొకరికి అప్పగించండి, మీరిద్దరే మోస్తే ఆరు నెలల్లో అలిసిపోతారు. అంతర్జాతీయ సమాఖ్యే 1986లో స్వీడన్, ఫిన్లాండ్, స్విట్జర్లాండ్ మూడు దేశాలతో మొదలైంది, మొదటి పురుషుల వరల్డ్ ఛాంపియన్‌షిప్ జరిగేసరికి 1996 వచ్చింది. మీవి రెండు నెలలే కదా, అప్పుడే లెక్క తేల్చేస్తే ఎలా?

మూలమీద_బంతి:

ఫీజు విషయంలో మీ ఊహ నిజమే. కొత్తవాళ్లకు బంతి అందడం గురించి చదివాక కొంచెం సిగ్గేసింది, ఎందుకంటే మొదటిరోజు గోల్స్ ఎక్కువ కొట్టింది నేనే. ఇంకో డౌటు, స్టిక్స్ అన్నీ ఒకే రకం కొన్నాం. అవి కూడా కారణమా?

పాత_స్టిక్:

కొంతవరకు అవును. నిలబెడితే సుమారుగా బొడ్డు దగ్గరికి రావాలి, అంతకంటే పొట్టిదైతే నడుం నొప్పి. ఫ్లెక్స్ నంబర్, అంటే స్టిక్ ఎంత వంగుతుందో చెప్పే అంకె, చూడండి, ఈ ఆటలో నంబర్ పెద్దదైతే స్టిక్ మెత్తన, ఐస్ హాకీలో సరిగ్గా తలకిందులు. అది తెలియక నేను కొత్తవాళ్లకని ఒక మోపు గట్టివి కొన్నాను, ఇప్పటికీ మూలన ఉన్నాయి. బ్లేడ్ (స్టిక్ చివర బంతిని తాకే భాగం) వంపు అన్నిటికీ ఒకే వైపు ఉందేమో కూడా చూడండి. పొడుగు కర్ర ఇచ్చి నేలమీద బంతిని నెట్టమంటే కింద ఏ చెయ్యి వస్తుందో అదే వాళ్ల వైపు. కుడిచేత్తో రాసేవాళ్లలో చాలామందికి ఎడమ స్టిక్కే నప్పుతుంది.

మూలమీద_బంతి:

నాలుగు వారాల తర్వాత అప్‌డేట్. నిన్న 12 మందిమి, తొమ్మిది మంది ముందే కట్టేశారు. మా దగ్గరున్నవన్నీ కుడివైపువే అని తేలింది, ఆరు ఎడమవి తెప్పించాం. ముందు ముగ్గురు ముగ్గురు, చివర్లో మ్యాచ్. తోడుగా వచ్చాడన్న ఆ తమ్ముడే ఇప్పుడు గోలీ, దిగమన్నా దిగడం లేదు. హెల్మెట్ సెకండ్‌హ్యాండ్‌ది తీసుకున్నాం, అతనికి కాస్త వదులు, కిందికి చూస్తే జాలీ ముక్కు మీదకి జారుతోంది. లోపల గుడ్డ ఏదైనా పెట్టమంటారా?

కర్రలేని_గోలీ:

గుడ్డలు కుక్కకండి. వెనక పట్టీలు, గడ్డం కింద పట్టీ రెండూ బిగించి తల అటూ ఇటూ ఊపి చూడమనండి. అప్పటికీ కదిలితే సైజు మార్చాల్సిందే. మోకాలి ప్యాడ్లు కొన్నారా లేదా, అది రాయలేదు.